ఆక్సాలిక్‌ల పెట్టిన పలుగు (క్వార్ట్జ్) స్ఫటికాలు తెల్లబడ్డయి, సందుల్ల పసుపు పట్టింది

చెలకరాయి
దేవరకొండ అవతల మూతబడ్డ, ఫెల్‌స్పార్ అనే రాయి తవ్విన గుంత పక్క చెలకల పోసిన వేస్టు కుప్పల నుంచి ఏరిన ముక్కలు. చెలక పట్టాదారుకు చెప్పే ఏరిన. 40 దాకా ఉన్నయి, పెద్దది 11 సెంటీమీటర్లు. అన్నిటికీ ఎర్రమన్ను, తుప్పు. లీటరుకు 100 గ్రాముల లెక్కన 10 లీటర్ల బోరు నీళ్లల్ల ఆక్సాలిక్ ఆసిడ్ కలిపి, మూత లేని తెల్ల ప్లాస్టిక్ డబ్బాల పోసి డాబా మీద 9 రోజులు పెట్టిన. తుప్పయితే పోయింది. ఇప్పుడు కొత్త లొల్లి.

ముఖాల మీద పిండి రాసినట్టు తెల్లపొర. బ్రష్‌తోని ఎంత రుద్దినా కదుల్తలేదు. సందుల్లనేమో నిమ్మపండు రంగు పసుపు. రెండు మంచి ముక్కలకు లోపల అడ్డంగ నెర్రెలు, ఏరినప్పుడు లేవు.

ఇంకోటి కూడ అడుగుత. అదే గుంత గోడకు రెండు నిలువుల ఎత్తుల ఒక బొర్ర ఉంది. నోటినిండ ఎర్రమన్ను, అంచుకు స్ఫటికాల మొనలు మెరుస్తున్నయి. పగలకుండ ఎట్ల తీయాలె?

సరదారాయి
ముందు ఆ డబ్బాకు మూత పెట్టు సామీ. ఎవరి మేకనో తాగితే స్ఫటికాలు అమ్మినా తీరదు.

పిపెట్
మేక మాట నవ్వులాటకు కాదు. ఆక్సాలిక్ కడుపులోకి పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. పిల్లలకు, పశువులకు అందని చోట, పేరు రాసిన మూత డబ్బాలోనే పెట్టాలి.

తెల్లపొర తప్పు ఆసిడ్‌ది కాదు, మీ బోరుది. నీళ్లలోని కాల్షియం ఆక్సాలిక్‌తో కలిస్తే కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. అది నీళ్లలో కరగదు, ఆక్సాలిక్‌లోనూ కరగదు, వచ్చి రాయి మీద కూర్చుంటుంది. లెక్క చూడండి: కాల్షియం కాఠిన్యం (కాల్షియం కార్బొనేట్ లెక్కన) లీటరుకు 600 మిల్లీగ్రాములు ఉన్న నీళ్లు 10 లీటర్లు తీసుకుంటే సుమారు 8.8 గ్రాముల తెల్లపొడి తయారవుతుంది. 40 రాళ్లకు పూత వేయడానికి అది చాలా ఎక్కువ. నల్గొండ బోర్లలో ఈ కాఠిన్యం వింతేమీ కాదు.

పోగొట్టడానికి హైడ్రోక్లోరిక్ కావాలి. సైంటిఫిక్ షాపులో దొరికే 35 శాతం ఆసిడ్ 1 పాలు, ఆర్‌ఓ నీళ్లు 4 పాళ్లు. నీళ్లలోకే ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లోకి నీళ్లు కాదు. ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు వేసుకొని చేయండి. తెల్లపొరకు రెండు మూడు గంటలు చాలు. తీశాక ఆర్‌ఓ నీళ్లలో వేసి రోజూ నీళ్లు మారుస్తూ మూడు నాలుగు రోజులు ఉంచాలి. రెండో రోజు నీళ్లలో లీటరుకు ఒక చెంచా వంటసోడా వేయండి.

బాత్‌రూం ఆసిడ్ వద్దు. దాని పసుపు రంగుకు చాలాసార్లు దానిలోని ఇనుమే కారణం. ఒక మరక తీసి ఇంకోటి అంటించుకున్నట్టు అవుతుంది. పక్కన బ్లీచింగ్ పౌడర్ అసలే ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

గడ్డపార_భాయ్
బైకు కూడ దూరం పెట్టుండ్రి. ఆ ఆవిరికి చైను రెండు రోజుల్ల తుప్పు పడతది.

నిమ్మఉప్పు
ఇంత ఆసిడ్ ఎందుకండీ? కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. లీటరుకు 100 గ్రాములు వేసి రెండు వారాలు వదిలేయండి. చింతపండుతో ఇత్తడి బిందెలు తోమట్లేదా?

పిపెట్
@నిమ్మఉప్పు పైపైన ఉన్న లేత తుప్పుకు నిమ్మ ఉప్పు పనిచేస్తుంది. పట్టు తక్కువ, ప్రమాదమూ తక్కువ, కాబట్టి కొత్తవాళ్లు దానితోనే మొదలుపెట్టొచ్చు. కానీ ఏళ్ల తరబడి నెర్రెల్లో గట్టిపడ్డ తుప్పును లాగడం దానివల్ల కాదు. ఇక్కడ తుప్పు పోయింది కూడా. మిగిలింది ఆక్సలేట్ పొర, దాన్ని నిమ్మ ఉప్పు కదిలించలేదు. చింతపండు బిందెలకే ఉంచండి.

చెలకరాయి
మరి పసుపు దేనిది? నీళ్లదే అయితే అది కూడ తెల్లగ ఉండాలె కద.

రెండు_అరవైఐదు
పసుపుకు కారణం నీళ్లు కాదు, మీ డాబా. తుప్పులోని ఇనుము ఆక్సాలిక్‌లో కరిగినప్పుడు ఫెర్రిక్ ఆక్సలేట్ అవుతుంది, నీళ్లు లేత ఆకుపచ్చగా మారతాయి. అంతవరకు మంచిదే, అది కరిగే ఉంటుంది. దాని మీద ఎండ పడితే వెలుతురుకు విరిగి ఫెర్రస్ ఆక్సలేట్ అవుతుంది. అదే నిమ్మపండు రంగు పొడి. అది కరగదు, వెతుక్కొని మరీ సందుల్లోకి పోయి కూర్చుంటుంది. మూత లేదు, తెల్ల డబ్బా, తొమ్మిది రోజుల ఎండ. ఇంకేం కావాలి?

గడ్డపార_భాయ్
ఎండల పెడితెనే తొందరగ అయితదని ఈడ అందరం చెప్తం కదనే. ఎండకాలం డాబా మీద మూడు రోజుల్ల అయ్యేది ఇంట్ల పది రోజులు పడతది.

రెండు_అరవైఐదు
@గడ్డపార_భాయ్ పని తొందరగా చేసేది వేడి, వెలుతురు కాదు. రెండింటినీ విడదీస్తే సరి. నల్ల పెయింటు బకెట్టుకు బిగువైన మూత పెట్టి డాబా మీద ఉంచండి, లోపల వెచ్చగా ఉంటుంది, చీకటిగానూ ఉంటుంది. స్టవ్ మీద మాత్రం ఎవరూ కాచకండి. ఆ ఆవిరి గొంతును కోస్తుంది.

నీళ్లు ముదురు ఆకుపచ్చ కాగానే పారబోసి కొత్తది కలపడం ఇంకా మంచిది. ఇనుముతో నిండిపోయిన ద్రావణంలో రాళ్లను వదిలేయడమే పసుపుకు రెండో కారణం.

పిపెట్
వెలుతురు విషయం నేను వదిలేశాను, సరిగ్గా పట్టుకున్నారు. ఈ పసుపు కూడా పైన చెప్పిన హైడ్రోక్లోరిక్‌కే కరుగుతుంది, కాకపోతే సందుల్లో ఉంది కనుక ఒక రాత్రంతా పట్టొచ్చు.

పారబోసే ముందు ఒక పని: వాడిన ఆక్సాలిక్‌లో తడి సున్నం కొంచెం కొంచెంగా వేసి కలపండి. కాల్షియం ఆక్సలేట్ అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు పారబోసి, అడుగున మిగిలిన ముద్దను ఎండబెట్టి చెత్తలో వేయొచ్చు. మీ రాళ్లను పాడుచేసిన రసాయనమే ఇక్కడ పనికొస్తుంది.

ఇక్కత్
పోచంపల్లి దిక్కు అద్దకం పని చేసేటోళ్లకు తెలుసు, రంగుల షాపుల్ల హైడ్రోస్ అని అమ్ముతరు. సోడియం హైడ్రోసల్ఫైట్. తుప్పుకు అది ఆక్సాలిక్ కన్న మంచిగ పనిచేస్తది, కాల్సైట్ (సున్నపురాయిల ఉండే ఖనిజం) ఉన్న రాయిని కూడ తినది. లీటరు ఆర్‌ఓ నీళ్లకు సోడియం సిట్రేట్ 70 గ్రాములు, వంటసోడా 8, 9 గ్రాములు కలిపి, రాయి పెట్టే ముంగటనే హైడ్రోస్ 20 గ్రాములు వేయాలె. డబ్బా అంచుదాక నింపి మూత బిగించాలె, గాలి తగిలితే దాని శక్తి పోతది. ఒక్క రోజుల రంగు తేడా కనవడుతది.

జాగ్రత్త ఏందంటే, నీళ్లల్లకు పొడి వేయాలె గని పొడి మీద నీళ్లు చిలకరించొద్దు. తడి తగిలిన హైడ్రోస్ డబ్బా వేడెక్కి అంటుకుంటది. చెంచా పొడిగ ఉండాలె. ఆసిడ్ల కలిపితే గంధకం పొగ వస్తది, ఊపిరి ఆడది. ఆక్సాలిక్‌ల నుంచి తీసిన రాయిని మంచిగ కడగకుండ దీంట్ల వేయొద్దు.

నిమ్మఉప్పు
ఇది కొత్త సంగతి. అద్దకం షాపు గుర్తే రాలేదు.

సరదారాయి
ఇగ స్ఫటికాలు కూడ తేలియా రుమాల్ లెక్క మెరుస్తయి.

గడ్డపార_భాయ్
నెర్రెల గురించి ఎవరూ చెప్తలేరు. @చెలకరాయి ఏరినంక ముక్కలు ఎండల ఎంతసేపున్నయి? ఎట్ల తెచ్చినవ్?

చెలకరాయి
పొద్దటి నుంచి సంచిల, తర్వాత కారు డిక్కీల. ఇంటికి రాంగనే బోరు పైపు కింద కడిగిన.

గడ్డపార_భాయ్
ఇంకేంది, అదే. ఏప్రిల్ల డిక్కీల పెట్టిన రాయి చేతికి సుర్రుమంటది. దాని మీద బోరు నీళ్లు కొడితే గాజు గ్లాసుల చాయ పోసినట్టే. ఆసిడ్ నెర్రె పుట్టియ్యది, నెర్రెల ఉన్న తుప్పు కడిగి కనవడేటట్టు చేస్తది.

మన్నులకెళ్లి తీసిన స్ఫటికం సల్లగ, తడిగ ఉంటది. తీయంగనే తడి పేపర్ల చుట్టి, మన్నుతోనే, నీడకు పెట్టాలె. ఇంటికి తెచ్చినంక ఒక రాత్రి గదిల వదిలేసి తెల్లారి కడగాలె. లోపల నీటి బుడగ కదిలే ముక్క దొరికితే అసలు వేడికి చూపియ్యద్దు. లోపలి నీళ్లు ఉబ్బితే రాయి పగులుతది.

ఇగ గోడకున్న బొర్ర. దాని జోలికి పోకు.

చెలకరాయి
నిచ్చెన ఉంది, ఇద్దరం పోతం.

గడ్డపార_భాయ్
ఇద్దరి మీద పడుతది అప్పుడు. పాత గుంతల గోడలు మందు పెట్టి కొట్టినవి, పైకి గట్టిగ కనవడ్డా లోపల పొర పొర విడిపోయి ఉంటయి. ఫెల్‌స్పార్ అయితే ఇంక అధ్వాన్నం, వానకు మెత్తబడి సుద్దయితది, మీదున్న పలుగుబండ కిందికి ఆధారం ఉండది. వాన పడ్డంక నాలుగైదు రోజులు ఆ అంచు కింద నిలబడను కూడ నిలబడొద్దు. గోడ ఎంత ఎత్తుంటే దానికి ఒకటిన్నర రెట్ల దూరంల ఏరుకో. పెద్ద తేనెపట్టులు కూడ ఆ అంచులకే పెడతయి, సుత్తె చప్పుడుకు లేస్తయి.

గోడల డ్రిల్లు బొక్కల అడుగులు మిగిలి ఉంటయి. వాటిల్ల పేలకుండ మిగిలిన మందు ఉండొచ్చు. ఎర్ర, పసుపు సన్న వైర్లు వేలాడినా, బొక్కల ఏదన్న కనవడినా ఉలి పెట్టొద్దు, లాగొద్దు. దూరం జరిగి పోలీసులకు చెప్పాలె.

కొత్తగా_ఏరుతున్న
గోడ వద్దంటే ఇంకెక్కడ వెతకాలి? కుప్పల్లో అన్నీ మొద్దు తెల్లరాళ్లే కదా.

గడ్డపార_భాయ్
కుప్పల్లనే. తొంబై వంతులు మొద్దు పలుగే, నిజమే. చూడవలసింది తుప్పు మన్ను అంటిన ముక్కలు, కాకిబంగారం పొరలు అతుక్కున్న ముక్కలు, పలుగు, ఫెల్‌స్పార్ కలిసే హద్దు ఉన్న బండలు. పలుగు, ఫెల్‌స్పార్, కాకిబంగారం కలిసిన ఈ రాయిని పెగ్మటైట్ అంటరు, దాంట్ల గూళ్లు, అంటే స్ఫటికాలు పెరిగే బొర్రలు, ఆ హద్దులనే పడుతయి. పలుగు కావాలనుకున్నోడు ఫెల్‌స్పార్ పారేసిండు, ఫెల్‌స్పార్ కావాలనుకున్నోడు పలుగు పారేసిండు. గూడు ఇద్దరికీ పనికిరాలే, అందుకే కుప్పల ఉన్నది.

పొద్దున ఏడు గంటలకు సూర్యుని దిక్కు మొఖం పెట్టి నడువు. ముఖమున్న స్ఫటికం ఒక్కసారి తళుక్కుమంటది. మధ్యాహ్నం అన్ని రాళ్లు ఒక్కతీరుగనే మెరుస్తయి.

గుంత కన్న సుళువు ఇంకోటి ఉన్నది. చెలకల గట్ల మీద రైతులు ఏరి పోసిన పలుగు కుప్పలు. తొలకరి వాన పడి మన్ను కడిగినంక రైతును అడిగి చూడు. వాళ్లకు అది పీడ.

పిపెట్
రాయి తిప్పేటప్పుడు అవతలి అంచు పట్టి మీ వైపు లేపండి. కింద పాముంటే రాయి అడ్డం ఉంటుంది. చిన్న పింజర ఆ కుప్పల్లోనే ఉంటుంది.

గడ్డపార_భాయ్
బండల గూడు కనవడితే విప్పేది ఇట్ల. గూడు మీద ఉలి పెట్టొద్దు. గూటికి జానెడు అవతల, అప్పటికే ఉన్న నెర్రె చూసి అందుల ఉలి దింపాలె. కిలోన్నర సుత్తె చాలు, సమ్మెట వద్దు. పలుగు మీద కొట్టిన దెబ్బ లోపల నుంచి నడిచి స్ఫటికం మొదట్లకు పోతది, ఆడనే తెగుతది. ఫెల్‌స్పార్ దిక్కు కొట్టు, అది పొరలు పొరలుగ విడుతది.

గూడు తెరిచినంక ఇనుము పక్కకు పెట్టు. మన్నును వెదురుపుల్లతోని, పాత టూత్‌బ్రష్‌తోని తియ్యి. వచ్చిన మన్నంత ఇసుక జల్లెడల వేసి నీళ్లతోని కడుగు, తెగిన మొనలు అందుల్నే ఉంటయి. ఒక గూటి ముక్కలన్నీ ఒక సంచిల ఉంచితే ఇంటికాడ అతికే జత దొరుకుతది. గడ్డపారతోని పెకిలించేటప్పుడు స్ఫటికం ముఖం మీద ఆనియ్యద్దు. మొన పోయిందంటే ఇగ అది పేపర్‌ వెయిటే.

ఉలి తల పుట్టగొడుగు లెక్క విచ్చుకుంటే రాకి పడేయి. ఆ అంచు తునిగి కంట్లకు వస్తది.

పిపెట్
మాస్కు సంగతి కూడా. పలుగు పొగలా లేస్తే అది సిలికా దుమ్ము. పలుగు పొడి మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు గట్టిపడేది దీనికే, తగ్గే మందు లేదు. కొట్టే చోట నీళ్లు చల్లండి, ఎన్95 పెట్టుకోండి. గుడ్డ కండువా ఆ దుమ్మును ఆపదు. ఇంట్లో గ్రైండర్‌తో పొడిగా కోయడం అసలే వద్దు.

సర్వేనంబర్
అందరూ ఆసిడ్ గురించి మాట్లాడుతున్నారు, కాగితం గురించి ఎవరూ అడగలేదు. మూతబడ్డ గుంత అంటే యజమాని లేని గుంత అని కాదు. లీజు ఇంకా నడుస్తుండొచ్చు. 2015 ఫిబ్రవరిలో 31 ఖనిజాలను మైనర్ ఖనిజాల జాబితాలో చేర్చారు, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, అభ్రకం అందులోవే. 2025 ఫిబ్రవరి 20న ఈ మూడింటినీ, ముగ్గురాయినీ మళ్లీ మేజర్ ఖనిజాలుగా మార్చారు. ఆ పెగ్మటైట్లలోనే లిథియం, బెరిల్, నియోబియం, టాంటలం లాంటివి ఉండొచ్చనేది కారణం. లీజు లేకుండా తవ్వితే 1957 గనుల చట్టం 21వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల దాకా జరిమానా. పట్టాదారు సరే అన్నంత మాత్రాన తవ్వి అమ్ముకునే హక్కు రాదు.

పోయే ముందు భూ రికార్డుల పోర్టల్ భూ భారతిలో సర్వే నంబరు కొట్టి పట్టానా, ప్రభుత్వ భూమా, అటవీ భూమా చూసుకోండి. లీజు ఉంటే లీజుదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపయితే గులకరాయి కూడా ముట్టొద్దు. అడవిలోని రాయి కూడా చట్టం దృష్టిలో అటవీ ఉత్పత్తే.

కొత్తగా_ఏరుతున్న
రాళ్లు ఎక్కడుంటాయో తెలిపే మ్యాపు ఏదైనా ఉందా?

సర్వేనంబర్
జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో 1:50,000 భూగర్భ పటాలు ఉచితం. క్వార్ట్జ్ రీఫ్ (గట్టులా సాగే పలుగు పొర), పెగ్మటైట్ గీతలు అందులో కనిపిస్తాయి.

సరదారాయి
మా చిన్నమ్మ స్ఫటిక లింగం కొన్నది, గట్టిగ గీకితే బ్లేడు గీత పడ్డది. అది ఏ రీఫ్‌దో చూస్తరా?

రెండు_అరవైఐదు
బ్లేడుకు గీత పడితే అది పలుగు కాదు, గాజో కాల్సైటో. 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో పలుగు కాఠిన్యం 7, బ్లేడుకన్నా ఎక్కువ. గీకకుండా చూడాలంటే వంటింటి డిజిటల్ కాటా చాలు. ముందు పొడి రాయి తూచండి, 212 గ్రాములనుకుందాం. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి గ్లాసులో పూర్తిగా ముంచి వేలాడదీయండి, అడుగు తాకకూడదు. కాటా 80 చూపిస్తే 212ను 80తో భాగించండి, 2.65, అంటే నీళ్లకన్నా అన్ని రెట్ల బరువు. అదే పలుగు. 3.5 వస్తే పుష్యరాగం (టోపాజ్) కావచ్చు, సంతోషించండి. కాల్సైట్ 2.71 కనుక ఈ కాటాతో తేడా పట్టడం కష్టం, దానికి ఒక చుక్క ఆసిడ్ వేస్తే పొంగుతుంది.

ముఖాల మీది గీతలు కూడా చూడండి. పలుగుకు పక్క ముఖాల మీద గీతలు అడ్డంగా ఉంటాయి. నిలువుగా ఉంటే బెరిలో, టూర్మలీనో, పుష్యరాగమో అయి ఉండొచ్చు. మన పెగ్మటైట్ కుప్పల్లో ఆ తేడా చూడక పారేసినవి ఉంటాయి.

చీటీ
@చెలకరాయి 40 ముక్కలకూ చీటీలు రాశారా? లేకపోతే వచ్చే ఏడాదికి అవి ఉత్త రాళ్లే. వెనుక వైపు చుక్కంత వైట్‌నర్ పెట్టి, ఆరాక సన్న ఇంకు పెన్నుతో నంబరు రాసి, మీద రంగులేని నెయిల్ పాలిష్ పూయండి. ఆసిడ్ పనంతా అయ్యాకే చేయాలి. పుస్తకంలో ఆ నంబరు ఎదుట ఊరు, మండలం, సర్వే నంబరు, తేదీ, కుప్పలోదా గూటిలోదా. జిల్లా పేరు పాతదీ కొత్తదీ రెండూ రాయండి. పాలమూరు వైపు రాళ్లకు 2016 అక్టోబర్‌కు ముందు చీటీలన్నీ మహబూబ్‌నగర్ అంటాయి, ఆ ఊరు ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లోనో వనపర్తిలోనో, 2019 తర్వాతయితే నారాయణపేటలోనో ఉండొచ్చు.

చెలకరాయి
చేసి చూసిన. ఆర్‌ఓ నీళ్లు, హైడ్రోక్లోరిక్ 1కి 4. తెల్లపొర రెండు గంటలకు పోయింది. పసుపు ఒక రాత్రి పట్టింది, నాలుగు ముక్కలకు ఇంకా సందుల్ల మిగిలింది, అవి మళ్ల వేసిన. నల్ల బకెట్టు, మూత, రెండూ వచ్చినయి. ఏసీ నీళ్లు పట్టి కడుగుడుకు వాడుతున్న.

గోడ దిక్కు పోలే. మొన్నటి వానకు ఆ బొర్ర కింద రెండు బండలు జారినయని పట్టాదారు ఫోటో పంపిండు.

ఒక్కటి మాత్రం అంతు పడుతలేదు. పెద్ద ముక్కల నల్ల మచ్చలు ఉన్నయి, దేనికీ పోతలేవు. మాంగనీసు అనుకున్న.

పిపెట్
మాంగనీసు నలుపయితే ఆక్సాలిక్‌లోనే చాలా వరకు పోయేది. పది రెట్ల లెన్సుతో చూడండి. పైనుందా, లోపలుందా?

చెలకరాయి
లోపల. సూదుల లెక్క ఉన్నయి, ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. దాని మీద నిలువు గీతలు.

రెండు_అరవైఐదు
నల్ల టూర్మలీన్. ఆ ముక్కను బకెట్టులోంచి తీసేయండి, మిగతా 39 కన్నా అదే మేలు.